గిన్నె మెరిస్తే సలీఖా ఉన్నట్టేనా?

మన ఇళ్లలో ఆడపిల్ల సలీఖాను ఎక్కడ తూస్తారో అందరికీ తెలుసు. సగం చూల్హా దగ్గర, సగం గిన్నెలు తోమే మోరీ దగ్గర. "పతీలా ఆయీనాలా మెరవాలి" అన్న మాట చెవిన పడకుండా పెరిగిన అమ్మాయి మన మొహల్లాల్లో ఉండదేమో. రిష్తా చూడటానికి వచ్చిన ఖాలాలు చాయ్ తాగుతూనే అల్మారీలోని గిన్నెల మీదికి ఒక చూపు విసురుతారు. కొత్త కోడలు వచ్చాక ఆ చూపు రోజూ ఉంటుంది.

ఈ లెక్క స్టీలు గిన్నెల కాలంలో ఎలాగో నడిచిపోయింది. స్టీలు మొండి లోహం, ఎంత రుద్దినా ఓర్చుకుంటుంది. కానీ ఇప్పుడు మన బావర్చీఖానాల్లోకి ఓవెన్ వచ్చింది. దాని వెంట కేకు టిన్నులు, బిస్కెట్ల ట్రేలు, మఫిన్ సాంచాలు వచ్చాయి. 2020 లాక్‌డౌన్ రోజుల్లో మొబైల్ చూసి కేకులు నేర్చుకున్న మన ఆడపిల్లలు చాలామంది ఇప్పుడు ఆర్డర్లు తీసుకుని అమ్ముతున్నారు. బురఖా తీయకుండా, గడప దాటకుండా నాలుగు రూపాయలు హలాల్‌గా సంపాదించుకుంటున్నారు. మాషా అల్లాహ్, సంతోషించాల్సిన సంగతి. అయితే సామాన్లు కొత్తవి వచ్చాయి గానీ, తోమే పద్ధతి మాత్రం పాతదే ఉండిపోయింది. అదే స్టీల్ పీచు, అదే బట్టల సోడా, అదే "నల్ల మచ్చ కనపడకూడదు" అనే జిద్దు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఓవెన్‌లో పెట్టే గిన్నెను, అందులో వండింది తినే మనిషినీ కాపాడేది ఆ గిన్నె మీది పైపొర. ఆ పొరను గీకి పారేసి, దానికి సఫాయి అని పేరు పెట్టుకుంటున్నాం.

ఉర్దూలో "కలయీ ఖుల్ గయీ" అంటాం. వాడి గుట్టు బయటపడింది అని. రాగి గిన్నె లోపల పూసిన తగరం అరిగిపోతే అడుగున ఉన్న అసలు లోహం కనపడుతుంది కదా, ఆ ముహావరా అక్కడ పుట్టింది. తెలుగులోనూ దాన్ని కళాయి అనే అంటారు, మాట ఒకటే. మన బుజుర్గులకు బాగా తెలిసిన ఒక సంగతి ఈ ముహావరాలో దాగి ఉంది. తిండికీ లోహానికీ నడుమ ఒక పర్దా ఉండాలి. రాగికి ఆ పర్దాను కలయీగర్ పూస్తాడు. అల్యూమినియానికి గాలే పూస్తుంది. ఇనుముకు నూనె కాలి పూత అవుతుంది. నాన్‌స్టిక్‌కు ఫ్యాక్టరీ పూసి పంపుతుంది. ఏ పర్దా దేనితో చిరుగుతుందో తెలిస్తే, గిన్నె ఎలా కడగాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందు అల్యూమినియం సంగతి చూద్దాం. బజార్లో దొరికే కేకు టిన్నుల్లో ఎక్కువ ఇవే. గాలి తగలగానే ఈ లోహం మీద కంటికి కనపడనంత పలచటి ఆక్సైడ్ పొర తయారవుతుంది. లోపలి లోహాన్ని కాపాడేది అదే. ఈ పొరకు రెండు శత్రువులు. ఒకటి పులుపు, రెండోది ఘాటైన క్షారం. బట్టల సోడా, కట్టెల బూడిద, డిష్‌వాషర్ పొడి, ఇవన్నీ క్షారాలే. వీటితో కడిగిన టిన్ను నల్లబడుతుంది. అది మురికి అనుకుని స్టీల్ పీచుతో ఇంకా గట్టిగా రుద్దుతాం. రుద్దిన కొద్దీ పచ్చి లోహం బయటపడి, వేలితో రాస్తే బూడిదరంగు అంటుతుంది. ఆ బూడిదరంగే రేపు కేకు అడుగునా అంటుతుంది.

దీనికి దవా చాలా సులువు. టిన్నులో నీళ్లు పోసి, ఒక నిమ్మకాయ పిండి, ఐదు పది నిమిషాలు మరిగించి పారబోయండి. నలుపు చాలావరకు వదిలిపోతుంది. తర్వాత మామూలు సబ్బు, మెత్తటి స్పాంజి చాలు. అలాగని పులుపును అందులో రాత్రంతా నానబెట్టకూడదు. టమాటా, చింతపండు, పెరుగు కలిసిన వంటను అల్యూమినియం ట్రేలో బేక్ చేశారా, చేసిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి. ఫ్రిజ్‌లో ఆ ట్రేతోనే పెట్టకండి.

అల్యూమినియం పేరు చెబితే మతిమరుపు జబ్బు వస్తుందని భయపెట్టే వాట్సాప్ మెసేజీలు మీకూ వచ్చే ఉంటాయి. గిన్నెల వల్ల ఆ జబ్బు వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లోంచి అల్యూమినియం సరిగా బయటికి పోదు కాబట్టి వాళ్లు జాగ్రత్తపడటం మంచిదే. మిగతావాళ్లు భయపడాల్సింది వేరే దాని గురించి. తుక్కు కరిగించి పోత పోసిన, పేరూ ఊరూ లేని చవక సామాన్లలో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025లో ఇదే విషయంలో హెచ్చరిక చేసింది. దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిందాలియం పాత్రల నుంచి సీసం తిండిలోకి దిగుతోందని చెప్పింది. అక్కడున్న పిల్లల కోసం సూట్‌కేసుల్లో గిన్నెలు సర్ది పంపే అమ్మీలు ఈ మాట గుర్తుంచుకోవాలి. తూకం లెక్కన అమ్మే అనామకు సామాను కన్నా, తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నది రెండు రూపాయలు ఎక్కువైనా కొనండి.

ఇక ఇనుము. రిపోర్టింగ్ పని మీద బేకరీల వెనక గదులు చూసినవాణ్ణి. ఉస్మానియా బిస్కెట్లు కాలే రేకులు ఎప్పుడైనా చూశారా? బొగ్గులా నల్లగా ఉంటాయి. పాత కారీగర్లు వాటిని సబ్బు పెట్టి తోమరు. వేడి ఉండగానే అంటుకున్న పొడి గీసి దులిపి, గుడ్డతో తుడిచి, నూనె చెయ్యి రాసి పేర్చేస్తారు. ఆ నలుపు ఏళ్ల తరబడి నూనె పలచగా కాలి, గట్టిపడి, ఇనుముకు అతుక్కుపోయిన పూత. బిస్కెట్ అంటుకోకుండా ఊడి రావడానికి, రేకు తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం ఆ పూతే. అదే రేకు మన ఇంటి మోరీ దగ్గరికి వచ్చిందనుకోండి, సాయంత్రానికల్లా తెల్లగా తేలుతుంది. మర్నాటికి ఎర్రగా తుప్పెక్కుతుంది.

ఇనప ట్రే తుప్పు పట్టినప్పుడు మాత్రం స్టీల్ పీచు వాడాల్సిందే. తుప్పంతా పోయేదాకా రుద్ది, కడిగి, పొయ్యి మీద తడి ఆరేదాకా వేడి చేయండి. వంటనూనె రెండు చుక్కలు వేసి గుడ్డతో అంతటా రాయండి. తర్వాత, అసలు నూనె రాయలేదన్నంతగా తుడిచేయండి. నూనె మందంగా ఉంటే జిగటగా పేరుకుంటుంది. ఓవెన్‌లో బోర్లించి 200 డిగ్రీల పైన ఒక గంట ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. పొగ వస్తుంది, ఖిడ్కీలు తెరిచి పెట్టండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే ట్రేకి మళ్లీ పర్దా వస్తుంది.

ఇక్కడ కొందరు బెహన్లు ఒక న్యాయమైన సవాల్ అడుగుతారు. "భాయ్, నూనె మరక ఉంచమంటారా? తహారత్ మాటేమిటి?" అని. జవాబు వేలి కొసన ఉంది. గిన్నె మీద వేలితో రాయండి. జిగటగా అంటుకుంటే, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె కంపు కొడితే, అది మురికి. వేడి నీళ్లు, సబ్బుతో పోగొట్టాలి. పురుగులు, చీమలు చేరేది దాని మీదే. గట్టిగా, నున్నగా, వాసన లేకుండా, వేలికి ఏమీ అంటకుండా ఉంటే అది పూత. పాక్‌గా ఉండటానికి గిన్నె తెల్లగా ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. రెండు మరకలకు తేడా తెలియడం కూడా సలీఖాయే.

నల్ల ట్రేలో ఇంకో లాభం ఉంది, ఒక నుఖ్సాన్ కూడా ఉంది. నల్లటి లోహం వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, మెరిసే లోహం వెనక్కి కొడుతుంది. అందుకే నల్ల ట్రేలో బిస్కెట్ల అడుగు త్వరగా ఎర్రబడుతుంది. అడుగు మాడుతోందంటే ట్రేని తిట్టకండి. ఓవెన్ వేడి 15 డిగ్రీలు తగ్గించి చూడండి.

నాన్‌స్టిక్ సంగతి. ఆ పూతకు గీతలన్నా, అతి వేడి అన్నా పడదు. ఇనప గరిటె, చాకు, స్టీల్ పీచు దాని దగ్గరికి పోనివ్వకండి. కేకును టిన్నులో ఉంచే చాకుతో కోసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ, మానుకోవాలి. ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడటం మొదలవుతుంది. ఇంకా వేడెక్కితే వచ్చే పొగ మనుషులకు జ్వరం, దగ్గు తెప్పిస్తుంది. పంజరంలోని చిలకల్ని, పిట్టల్ని చంపేస్తుంది. తోతా పెంచుకునే ఇళ్లు మన మొహల్లాల్లో తక్కువేం కాదు, గుర్తుంచుకోండి. ఖాళీ నాన్‌స్టిక్ గిన్నెను పొయ్యి మీద పెట్టి మరచిపోవడమే అసలు ప్రమాదం. ఈ పూతల తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని 2019లో స్టాక్‌హోం ఒప్పందం కింద నిషేధ జాబితాలో చేర్చారు. కాబట్టి ఎవరో ఇచ్చిన పాతకాలపు నాన్‌స్టిక్, అదీ పూత పెచ్చులూడింది అయితే, "పడేయడం ఇస్రాఫ్ కదా" అని దాచుకోకండి. దాన్ని పూలకుండీ కింద పెట్టుకోండి, ఇస్రాఫ్ కాదు.

ఏ లోహమైనా సరే, మాడి అంటుకున్నదాన్ని వదిలించడానికి బలం కన్నా సబర్ ఎక్కువ పనిచేస్తుంది. గిన్నె చల్లారనివ్వండి. కాలుతున్న ట్రే మీద చన్నీళ్లు పోస్తే వంకరపోతుంది, ఆవిరి మొహానికి కొడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు కలిపి అరగంట నానబెట్టండి. కర్ర గరిటెతో నెడితే చాలావరకు ఊడిపోతుంది. స్టీలు ట్రే అయితే వంట సోడా ముద్దలా చేసి రాసి వదిలేయొచ్చు, అల్యూమినియానికి ఆ పని వద్దు. కడిగాక నీళ్లు వంచేసి ఊరుకోకుండా గుడ్డతో తుడిచి, ఆరిన తర్వాతే ఒకదానిలో ఒకటి పేర్చండి. బేక్ చేసే ముందే అడుగున బటర్ పేపర్ వేసుకుంటే ఈ మెహనత్ సగం తప్పుతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది రంజాన్ ముందు, ఈద్ ముందు మన ఇళ్లలో జరిగే పెద్ద సఫాయి. గిన్నెల మొండి మరకలకు బాత్రూం యాసిడ్ చుక్కలు వేసి తోమేవాళ్లు ఉన్నారు. ఆ యాసిడ్ అల్యూమినియాన్ని, ఇనుమును తినేస్తుంది, చేతుల చర్మాన్నీ తినేస్తుంది. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఖిడ్కీ లేని చిన్న మోరీలో, ఉపవాసంతో ఉన్న ఆడమనిషి ఆ గాలి పీలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఓవెన్ లోపల కొట్టే కొన్ని స్ప్రేలలో కాస్టిక్ సోడా ఉంటుంది. అవి అల్యూమినియం టిన్ను మీద పడితే బుడగలొచ్చి లోహమే కరుగుతుంది. తిండి గిన్నె దగ్గరికి యాసిడ్ రాకూడదు. ఇందులో ఇంటికో రివాజు లేదు, ఎవరి ఇంట్లోనైనా ఒకటే మాట.

స్టీల్ పీచు గురించి ఇంకో ముక్క. దాని తీగలు తెగి గిన్నె మూలల్లో, మఫిన్ సాంచా గుంతల్లో ఇరుక్కుంటాయి. మన ఇంట్లో తింటే మన గొంతులో, ఆర్డర్ కేకు అయితే పరాయి పిల్లాడి గొంతులో. అమ్మకానికి చేసే బెహన్లకు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం చెబుతుంది. ఆ కాగితం ఉన్నా లేకున్నా, కొన్నవాళ్లు మన చేతిలో పెట్టింది అమానత్. మెరిసే టిన్ను ఫొటో పెడితే ఆర్డర్లు వస్తాయేమో గానీ, పేరు నిలబెట్టేది కేకు అడుగు.

ఇంతవరకు ఇంటి మాట. ఇప్పుడు కొంచెం బయటికి వెళ్దాం. ఎందుకంటే ఓవెన్ ట్రే కన్నా ముందు నుంచీ, వాటికన్నా ఎంతో పెద్దగా, మనందరికీ ఉమ్మడిగా ఉన్న గిన్నె ఒకటుంది. అది రాగి దేగ్.

వలీమా బిర్యానీ, దాల్చా, రంజాన్ హలీం ఇవన్నీ దేగ్‌లోంచే వస్తాయి. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న హైదరాబాదీ హలీం పేరు చెబితే మనకు ఛాతీ పొంగుతుంది. దాన్ని కర్ర ఘోట్నీలతో గంటల తరబడి ఘోటిస్తారు. తగరం మెత్తటి లోహం, ప్రతి ఘోటింపుకూ కాస్త అరుగుతుంది. దాల్చాలో చింతపండు, బిర్యానీలో పెరుగు, ఖట్టీ దాల్‌లో పులుపు. కలయీ పోయిన చోట ఈ పులుపు రాగిని కరిగించి తిండిలో కలుపుతుంది. ఆకుపచ్చటి చిలుము పుట్టేదీ అక్కడే. రాగి ఎక్కువైతే కడుపునొప్పి, వాంతులు. దావత్ తర్వాత పదిమంది వాంతులు చేసుకుంటే మనం గోష్త్‌ని, బావర్చీని అనుమానిస్తాం. ప్రతిసారీ తప్పు దేగ్‌దే అని నేననను, కానీ దేగ్ లోపలికి తొంగిచూసిన మేజ్‌బాన్ ఎంతమంది?

బయట మాత్రం దేగ్ ధగధగలాడుతుంది. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి పెట్టి తోమి ఎర్రగా మెరిపిస్తారు. తెలుగువాళ్లు "పైన పటారం, లోన లొటారం" అనేది దీన్నే. పైగా అదే ఇటుక పొడితో లోపల కూడా రుద్దేస్తే ఉన్న కాస్త తగరమూ పోతుంది. కలయీ ఉన్న గిన్నె లోపలికి నానబెట్టిన నీళ్లు, సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. ఖాళీ దేగ్‌ను మంట మీద పెట్టనేకూడదు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. అంటే గిన్నెకు ఏమీ కాకముందే పర్దా కారిపోతుంది. ఇంట్లో ఉన్న చిన్న కలయీ గిన్నెను ఓవెన్‌లో పెట్టాలని ముచ్చటపడేవాళ్లకూ ఇదే లెక్క.

సరిగ్గా కలయీ లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండిన తిండిని తినడానికి పనికిరానిదిగా పరిగణించాలని మన దేశపు 2011 ఆహార భద్రతా నిబంధనలు చెప్పాయి. తుప్పు పట్టిన డబ్బాల్నీ అదే వరసలో చేర్చాయి. చట్టం ఉంది. అడిగే నోరే లేదు.

కలయీ వేసినా అది ఏ లోహమన్నది ఇంకో సవాల్. తగరం ఖరీదు, సీసం చవక. రెండూ తెల్లగానే మెరుస్తాయి. తగరంలో సీసం కలిపినా, అతుకులు వేసే సోల్డర్ కమ్మీ కరిగించి పూసినా కంటితో పోల్చుకోవడం కష్టం. సీసం విషయంలో ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మొదట దెబ్బకొట్టేది పిల్లల మెదడును. కలయీ చవగ్గా చేయించామని కమిటీ లెక్కల్లో మిగిల్చిన డబ్బు, పిల్లల తెలివిలోంచి తీసి మిగిల్చిన డబ్బు అవుతుంది.

అందుకే మన మస్జిద్ కమిటీలకు, షాదీఖానాల జిమ్మేదార్లకు, దేగ్‌లు కిరాయికిచ్చే దుకాణందార్లకు నా గుజారిష్. రంగులకూ, లైట్లకూ ఖాతా ఉన్నట్టే కలయీకి ఒక ఖాతా పెట్టండి. రంజాన్‌కు నెల ముందు దేగ్‌లన్నీ బోర్లించి కాదు, తెరిచి చూడండి. లోపల ఎక్కడైనా రాగి ఎరుపు కనపడితే అది కలయీకి వెళ్లాలి. తగరం మీరే నమ్మకమైన చోట బిల్లుతో కొని కలయీగర్ చేతికివ్వండి. వలీమా పెట్టుకునేవాళ్లు బావర్చీతో బియ్యం, గోష్త్, జాఫ్రాన్ గురించి గంట మాట్లాడతారు. ఆ గంటలో ఒక్క నిమిషం, "దేగ్ లోపల చూపించండి ఉస్తాద్" అని అడగండి. అడగడం తౌహీన్ కాదు. మంచి బావర్చీ సంతోషిస్తాడు.

కలయీగర్ గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు గల్లీ గల్లీ తిరిగిన ఆ కేక ఇప్పుడు అరుదైపోయింది. స్టీలు, నాన్‌స్టిక్ వచ్చాక ఆ రోజ్‌గార్ పడిపోయింది. భట్టీ ముందు కూర్చుని, కాలుతున్న గిన్నెలో నౌసాదర్ చల్లి, లేచే తెల్ల పొగ పీలుస్తూ, దూది ముక్కతో తగరాన్ని అంచులదాకా పాకించే హునర్ అది. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆరుబయట గాలి తగిలే చోటు చూపించండి, మొహానికి మంచి మాస్కు ఇవ్వండి, బేరమాడకుండా ఉజ్రత్ ఇవ్వండి. దావత్‌లో ఐదు వందల మందిని కాపాడేవాడితో యాభై రూపాయల దగ్గర తగువుపడటం మన ఇజ్జత్‌కు తగదు.

మళ్లీ సలీఖా దగ్గరికే వస్తాను. ఆయీనాలా మెరిసే టిన్ను పట్టుకుని నిలబడ్డ కోడలి కన్నా, "అమ్మీజాన్, ఇది నల్లగా ఉంటేనే మంచిది, పీచు వద్దు" అని అదబ్‌గా చెప్పగల కోడలికి సలీఖా ఎక్కువ ఉందని నేనంటాను. ఆ మాట విని, పీచు పక్కన పెట్టే అత్తగారికి ఇంకా ఎక్కువ. మగాళ్లకూ ఇందులో హిస్సా ఉంది. గిన్నె ఎంత మెరిసిందని అడగడం మాని, ఈ ఆదివారం ఓవెన్ ట్రే మీరు కడగండి. వేలితో రాసి, వాసన చూసి, ఏది మురికో ఏది పూతో తేల్చండి. చేతికి పని తగిలితే నోటికి తీర్పులు తగ్గుతాయి.